బ్యాండ్ సా (ఇంటి పనిశాల): నాణ్యత, విలువ నిర్ణయం

(చూ. రంపం; సామిల్లు; వడ్రంగం; ఉదయగిరి కొయ్య సామాను)

నిర్వచనం

పళ్ళున్న సన్నని ఉక్కు పట్టీ రెండు కొసలనూ అతికి వలయంగా చేసి, ఒకదానిపై ఒకటిగా నిలిపిన రెండు చక్రాల మీద ఎడతెగకుండా తిప్పుతూ కలపను కోసే యంత్రం బ్యాండ్ సా. సామిల్లులో దుంగలు చీల్చే పెద్ద యంత్రానికీ, ఇంటి కొట్టంలో చెంచా అంచు తిప్పే చిన్న యంత్రానికీ సూత్రం ఒక్కటే. చక్రాల వ్యాసం సుమారు 200 నుంచి 450 మిల్లీమీటర్ల మధ్య ఉండి, ఇళ్ళకు వచ్చే 230 వోల్టుల సింగిల్ ఫేజ్ కరెంటుతో ఒక మనిషి నడపగలిగినదాన్ని ఈ వ్యాసంలో ఇంటి పనిశాల యంత్రంగా పరిగణించాము. నాణ్యత అంటే బ్లేడును తిన్నగా, ఒకే బిగువుతో, ఏళ్ళ తరబడి నడపగల శక్తి. ఆ శక్తికి కొనుగోలుదారు మొత్తం మీద పెట్టే ఖర్చుకూ, దానివల్ల దక్కే పనికీ మధ్య తూకమే విలువ. అమ్మకందార్లు ముందు చెప్పే హార్స్‌పవరు ఈ రెండింటిలో దేన్నీ సరిగా చూపదు.

చరిత్ర

ఈ ఆలోచనకు విలియం న్యూబెర్రీ 19వ శతాబ్దపు తొలి దశాబ్దంలో ఇంగ్లండులో పేటెంటు పొందాడు. అయితే అతికిన పట్టీ చక్రం మీద నిమిషానికి వందల సార్లు వంగి తిన్ననవుతుంటే అతుకు దగ్గర తెగిపోయేది. ఆ కాలపు ఉక్కు అంత వంపును ఓర్చుకోలేకపోవడంతో యంత్రం కాగితం మీదే ఉండిపోయింది. 1846లో ఫ్రాన్సుకు చెందిన ఆన్ పోలిన్ క్రెపాఁ అనే మహిళ అతుకు పద్ధతిని మెరుగుపరచి పేటెంటు తీసుకున్నారు. దాన్ని పారిస్‌లోని పెరాఁ సంస్థ కొని, మెరుగైన ఉక్కుతో జతచేసి అమ్మకానికి తెచ్చింది. ఆ శతాబ్దం చివరి దశాబ్దాలకు పెద్ద సామిల్లులు దుంగ కోతకు దీన్ని స్వీకరించాయి. ఇంటి పనిశాలకు సరిపడే రూపం మాత్రం 1930లలో అమెరికాలో డెల్టా సంస్థ తెచ్చిన 14 అంగుళాల పోత ఇనుము యంత్రంతో స్థిరపడింది. ఆ తర్వాత తైవాన్, చైనాల్లో తయారైన యంత్రాల్లో చాలా వాటికి అదే నమూనా. కాబట్టి 14 అంగుళాల యంత్రాలకు విడిభాగాలు, బ్లేడ్లు మిగతా పరిమాణాల కంటే సులువుగా దొరుకుతాయి. విలువ కట్టేటప్పుడు ఈ సంగతికి చాలా బరువుంది.

నెల్లూరు తీరంలో కొయ్యపని

ఈ వ్యాసానికి నేపథ్యమైన నెల్లూరు జిల్లా తీరం వెంట సరుగుడు తోటలు పరుచుకుని ఉన్నాయి. బకింగ్‌హామ్ కాలువ పడవలు నడిచిన రోజుల్లో ఈ సరుగుడు వంటచెరకుగా మద్రాసుకు వెళ్ళేది. తాడి, కొబ్బరి, వేప, మామిడి, చింత, నల్లతుమ్మ, ఎక్కడపడితే అక్కడ మొలిచే సర్కారు తుమ్మ ఇంటి వడ్రంగికి చేరువలో దొరికే కలప. మైపాడు, కృష్ణపట్నం, జువ్వలదిన్నె వంటి ఊళ్ళ జాలర్ల తెప్పల దుంగలను బాడిసతో చెక్కేవారు. గత కొన్ని దశాబ్దాల్లో ఫైబరు పడవలు రావడంతో ఆ పని బాగా తగ్గింది. జిల్లాకు పడమటి కొసన, కొండల దగ్గరి ఉదయగిరిలో నర్ది, దేవదారి వంటి కొయ్యతో చెంచాలు, ఫోర్కులు, గరిటెలు చేసే చేతిపని నేటికీ నిలిచి ఉంది. దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

ఇంటి బ్యాండ్ సా ఈ ప్రాంతంలో చేసేది ప్రధానంగా మూడు పనులు: తుఫాను గాలికి పడిన చెట్టు మొద్దును చిన్న పలకలుగా చీల్చడం, కుర్చీ కాళ్ళు, గరిటెల వంటి వంపు ముక్కలు కోయడం, మందపాటి పలకను పల్చటి రేకులుగా విడదీయడం. కొనబోయే యంత్రాన్ని ఈ మూడు పనులతోనే పరీక్షించాలి. మెత్తని పైన్ చెక్క కోసి చూపితే ఏమీ తెలియదు. సరుగుడు, సర్కారు తుమ్మ బాగా గట్టివి. టేకులోనూ కొబ్బరిలోనూ ఉండే సిలికా రంపం పళ్ళను త్వరగా మొద్దుబరుస్తుంది. వేపలో పోగులు అల్లుకుని ఉండి బ్లేడును పక్కకు లాగుతాయి. ఇక తాడి చుట్టూ ఇనుములా గట్టిగా, నడుమ మెత్తగా ఉండి ఒకే కోతలో రెండు గుణాలు చూపుతుంది.

నిర్మాణం, పనితీరు

కింది చక్రాన్ని మోటారు తిప్పుతుంది. పై చక్రం స్ప్రింగు బలంతో పైకి నెట్టుకుంటూ బ్లేడును బిగువుగా ఉంచుతుంది. దాన్ని కొద్దిగా ముందుకూ వెనక్కూ వాల్చి బ్లేడు ఎక్కడ పరుగెత్తాలో సరిచేస్తారు. చక్రాల అంచున రబ్బరు టైర్లుంటాయి. బల్లకు పైనా కిందా ఉండే గైడ్లు బ్లేడు పక్కకు పోకుండా, వెనకనుండే బేరింగు అది వెనక్కి జారకుండా ఆపుతాయి. కోత బలం కలపను కిందికి, బల్ల మీదికి నొక్కుతుంది. గుండ్రటి రంపంలా కలపను మనిషి మీదికి విసరదు. ఇంటి పనిశాలకు ఈ యంత్రం తగినది కావడానికి ఇదొక పెద్ద కారణం.

కలపకు బ్లేడు వేగం నిమిషానికి సుమారు 900 మీటర్లు ఉండాలి. 350 మిల్లీమీటర్ల చక్రం చుట్టుకొలత 1.1 మీటరు. కాబట్టి అది నిమిషానికి 820 చుట్లు తిరిగితే ఆ వేగం వస్తుంది. మన 50 హెర్ట్జ్ కరెంటుపై నాలుగు పోళ్ళ మోటారు సుమారు 1440 చుట్లు తిరుగుతుంది, పుల్లీలు దాన్ని తగ్గిస్తాయి. అమెరికా నుంచి బంధువులు పంపిన 60 హెర్ట్జ్ యంత్రం ఇక్కడ ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతుంది, దాని వోల్టేజీ కూడా వేరు. మోటారు మార్చే ఖర్చు కలపకుండా అలాంటి యంత్రానికి ధర కట్టకూడదు.

రకాలు

బల్లమీద పెట్టుకునే 8 నుంచి 10 అంగుళాల యంత్రాలు బొమ్మలకు, చెంచాలకు సరిపోతాయి. 100 మిల్లీమీటర్లు దాటిన గట్టి కలపను ఇవి ఓపలేవు. నేల మీద నిలిచే 12, 14 అంగుళాలవి ఇంటి అవసరాల్లో ఎక్కువ భాగం తీరుస్తాయి. 16 నుంచి 18 అంగుళాలవి పలకల చీలికకు బలమైనవి, అయితే వాటికి చోటు, మోటారు, బ్లేడు అన్నీ పెద్దవే కావాలి. యంత్రాన్ని చక్రం వ్యాసంతో పిలుస్తారు కాబట్టి కోత లోతు వేరుగా చూడాలి. పోత ఇనుము 14 అంగుళాల నమూనాలో గైడు కింద సాధారణంగా 6 అంగుళాల ఎత్తే ఉంటుంది. నడుమ దిమ్మె బిగిస్తే 12 అంగుళాలకు పెరుగుతుంది కానీ చట్రం బిగువు కొంత తగ్గుతుంది. వెల్డింగు షాపుల్లో ఇనుప కడ్డీలు కోసే అడ్డం బ్యాండ్ సా వేరే జాతి. నిమిషానికి వంద మీటర్ల లోపు నెమ్మదిగా నడుస్తుంది, కలపకు పనికిరాదు.

చట్రం

నాణ్యతలో మొదటి ప్రశ్న చట్రం గట్టితనమే. అర అంగుళం వెడల్పు, 0.6 మిల్లీమీటర్ల మందం ఉన్న కార్బన్ ఉక్కు బ్లేడును సరైన బిగువుకు తెస్తే రెండు వైపులా కలిపి చట్రం మీద సుమారు 165 కిలోల బరువు పడుతుంది. ముప్పావు అంగుళం, 0.8 మిల్లీమీటర్ల బ్లేడును ఎక్కువ బిగువున నడిపితే అది 450 కిలోలు దాటుతుంది. ఆ బరువుకు చట్రం వంగితే రెండు చక్రాలూ ఒకే తలంలో ఉండవు, బ్లేడు పక్కకు తిరుగుతుంది, పలక అంచు ఉబ్బుగా వస్తుంది. పలుచని రేకుతో చేసిన యంత్రానికి రెండు హార్స్‌పవర్ల మోటారు తగిలించినా ఈ లోపం పోదు.

పరీక్ష తేలిక. బ్లేడు వదులుగా ఉన్నప్పుడు రెండు చక్రాల అంచులకు పొడవాటి తిన్నని పట్టీ ఆనించి చూడాలి. తర్వాత ఆ యంత్రానికి చెప్పిన అత్యధిక వెడల్పు బ్లేడును పూర్తిగా బిగించి మళ్ళీ చూడాలి. రెండుసార్లూ కనబడే తేడాయే చట్రం వంపు. పోత ఇనుము కంపనను మింగుతుంది, కాని కింద పడితే పగులుతుంది. దూలంలా మూసిన గొట్టంగా వెల్డు చేసిన మందపాటి ఉక్కు వెన్ను అంతకంటే తేలికగా ఉండి మరింత బిగువు ఓర్చగలదు. పాత యంత్రం పోత ఇనుముదైతే వంపు దగ్గర, దిమ్మె బోల్టుల దగ్గర వెంట్రుకంత పగుళ్ళ కోసం కిరోసిన్ పూసి తుడిచి చూడటం మేలు. పగులుంటే కాసేపటికి తడి బయటికొస్తుంది.

చక్రాలు, టైర్లు, బేరింగులు

బ్లేడు తీసేసి పై చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పి వదలాలి. ప్రతిసారీ ఒకే చోట కిందికి వచ్చి ఆగుతుంటే అది సమతూకంలో లేదు. చట్రానికి పెన్సిలు ఆనించి, మొన అంచుకు దగ్గరగా పెట్టి తిప్పితే చక్రం వంకర కనబడుతుంది. చక్రం తిరిగేటప్పుడు రాపిడి శబ్దం, ఇసుక నలిగినట్లు చప్పుడు వస్తే బేరింగు పోయినట్టే. బేరింగు చవకే, కాని దాని ఇరుసు అరిగి ఉంటే మాత్రం బేరం వదులుకోవడం మంచిది. రబ్బరు టైరు గోటితో నొక్కితే పగలకూడదు. తీరపు ఎండకు, గాలికి రబ్బరు పెళుసవుతుంది కాబట్టి పాత యంత్రం కొనేవారు కొత్త టైర్ల ఖర్చు ముందే కలుపుకోవాలి. అన్నీ సరిచేసిన యంత్రం బల్ల మీద రూపాయి బిళ్ళను అంచుపై నిలబెట్టి నడిపితే పడిపోకపోవడం వడ్రంగులు నమ్మే పరీక్ష. దీన్ని ఆరంభంలోనూ ఆపేటప్పుడూ కాకుండా పూర్తి వేగం అందుకున్నాకే చేయాలి.

గైడ్లు, బల్ల

గైడు కడ్డీని బల్లకు 25 మిల్లీమీటర్ల ఎత్తున, తర్వాత 150 మిల్లీమీటర్ల ఎత్తున నిలిపి, బ్లేడుకూ బేరింగుకూ మధ్య సందు రెండుచోట్లా ఒకటేనా చూడాలి. తేడా వస్తే కోత ఎత్తు మారినప్పుడల్లా గైడును సర్దుకుంటూ ఉండాలి, అది రోజువారీ చికాకు. చవక యంత్రాల్లో ఎక్కువగా దొరికే లోపం ఇదే. బల్ల పోత ఇనుముదై, తిన్నని పట్టీ ఆనిస్తే సందు కనబడకుండా ఉండాలి. మూలమట్టంతో బ్లేడుకు అది లంబంగా నిలుస్తోందా, వాల్చి మళ్ళీ తిన్నగా చేస్తే అదే స్థానానికి వస్తోందా చూడాలి. బల్లను మోసే కింది పట్టు అల్యూమినియందైతే బరువైన దుంగ పెట్టగానే ఊగుతుంది.

మోటారు

ఒక అంగుళం నుంచి నాలుగు అంగుళాల మందం పనికి ఒక హార్స్‌పవరు చాలు. ఆరంగుళాల గట్టి కలప చీల్చాలంటే ఒకటిన్నర లేక రెండు కావాలి. కార్బన్ బ్రష్షులతో గోల చేసే యూనివర్సల్ మోటారు కంటే ఇండక్షన్ మోటారు మేలు. పల్లెల్లో వోల్టేజీ పడిపోవడం మామూలే. మోటారు తిప్పే బలం వోల్టేజీ వర్గానికి అనులోమంగా మారుతుంది కాబట్టి 230 నుంచి 200 వోల్టులకు పడితే దాదాపు నాలుగో వంతు బలం పోతుంది. దూరంగా ఉన్న కొట్టానికి సన్నని వైరు లాగిన ఇంట్లో మంచి మోటారు కూడా చెడ్డదిగా కనిపిస్తుంది. కాబట్టి యంత్రానికి తప్పు పట్టేముందు నడుస్తుండగా మోటారు దగ్గరే వోల్టేజీ కొలవాలి.

బ్లేడు

కొత్త యంత్రంతో వచ్చే బ్లేడును బట్టి యంత్రంపై తీర్పు చెప్పకూడదు. అది తరచూ నాసిరకందే. వంపుల కోతలో పావు అంగుళం బ్లేడు సుమారు 16 మిల్లీమీటర్ల వ్యాసార్ధం తిరుగుతుంది, అర అంగుళంది 63, ముప్పావుది 140. చెంచా తల తిప్పడానికి మొదటిది, పలక చీల్చడానికి మూడోది. మందం కోతకు అంగుళానికి మూడు పళ్ళు, లోతైన పల్లాలు ఉన్నది కావాలి. పల్లం నిండిపోతే పొట్టు బయటకు పోక, బ్లేడు వేడెక్కి వంకరపోతుంది. సన్నని చెక్కలో ఎప్పుడూ కనీసం మూడు పళ్ళు కలపలో ఉండేలా ఎంచుకోవాలి.

బ్లేడు మందం చక్రం వ్యాసంలో వెయ్యో వంతు మించకూడదన్నది పాత సామిల్లు సూత్రం. 14 అంగుళాల చక్రానికి అది 0.36 మిల్లీమీటర్లు. అమ్మే బ్లేడ్లు 0.5 నుంచి 0.65 వరకు ఉంటాయి. చిన్న చక్రంపై బ్లేడు త్వరగా తెగడానికి ఈ తేడాయే కారణం. యంత్రం చెడ్డదని కాదు. బ్లేడు పొడవు కూడా ముఖ్యమే. 14 అంగుళాల యంత్రానికి వాడుకలో ఉన్న పొడవు 93½ అంగుళాలు, దిమ్మెతో 105. అలవాటు లేని పొడవున్న యంత్రం కొంటే ప్రతి బ్లేడునూ చుట్ట నుంచి కోయించి అతికించుకోవాలి. అతుకు దగ్గర బ్లేడును కళ్ళకెదురుగా పట్టి చూస్తే మెలిక లేకుండా, ఎత్తుపల్లాలు లేకుండా సాఫీగా ఉండాలి. మంచి అతుకు ఎంత విలువైనదో దగ్గరి పట్టణంలో దాన్ని చేసేవారి పనితనమూ అంతే విలువైనది. సామిల్లు బ్లేడ్లు అతికేవారితో ముందే మాట్లాడుకోవాలి.

తిరుగులేని పరీక్ష ఒకటుంది. కొత్త పదునైన బ్లేడు వేసి, 150 మిల్లీమీటర్ల ఎత్తున్న టేకు లేక వేప ముక్క నుంచి మూడు మిల్లీమీటర్ల రేకు తీయాలి. పై, నడుమ, కింద వెర్నియర్‌తో కొలిస్తే తేడా అర మిల్లీమీటరు లోపే ఉంటే ఇంటి పనికి అది మంచి యంత్రం. కోసేటప్పుడు ముక్కను బలవంతంగా నెట్టకూడదు.

ఉప్పుగాలి, తేమ, వరద

నెల్లూరు తీరాన విలువ నిర్ణయంలో ఈ భాగాన్ని విడిగా చూడాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, తుఫాన్లు. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తాకిన తుఫాను, 2015 నవంబరు వరదలు, 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ తుఫాను తీర ప్రజలకు గుర్తుండేవి. పొట్టు తేమను పట్టి ఉంచుతుంది. దాని కింద ఉప్పు చేరిన పోత ఇనుము బల్ల ఒక్క వర్షాకాలంలోనే మచ్చలు పడుతుంది. ఉపరితల తుప్పును గరుకు కాగితంతో తీసేయవచ్చు. బిగువు స్ప్రింగు, మర మేకులు, గైడు కడ్డీ పళ్ళు తుప్పుతో గుంటలు పడితే మాత్రం అది లోపలి దెబ్బ. అందుకే రెండువైపులా రబ్బరుతో మూసిన బేరింగులు, జింకు పూతున్న బోల్టులు, పౌడరు పూత రంగు ఉన్న యంత్రానికి కొంచెం ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు. బల్లకు మైనం పూయాలి, వాడనప్పుడు బిగువు వదలాలి, పొట్టు రోజూ ఊడ్చాలి. నేల మీద నిలిచే యంత్రాల్లో చాలా వాటికి మోటారు కిందే ఉంటుంది కాబట్టి నీరు చేరే కొట్టంలో దాన్ని అరుగుమీద నిలపాలి. పాత యంత్రం చూసేటప్పుడు మోటారు పెట్టె లోపల బురద గీత ఉందా అని చూడటం వృథా కాదు.

విలువ లెక్క

ధర ఒక్కటే కాదు. టైర్లు, మంచి గైడ్లు, మూడు రకాల బ్లేడ్లు, దుమ్ము లాగే యంత్రం, వైరింగు, రవాణా, చెన్నై నుంచి విడిభాగాలు తెప్పించుకునే ఖర్చు కలిపితేనే నిజమైన మొత్తం. నెల్లూరు నుంచి చెన్నై సుమారు 175 కిలోమీటర్లు. ఆ దూరానికి తగిన సేవ ఏ సంస్థ ఇస్తుందో కొనేముందే అడగాలి. విడిభాగం దొరకని చవక యంత్రం చివరికి ఖరీదైనదే.

ఆదాయం వైపు కలప మిగులు ఉంది. 50 మిల్లీమీటర్ల టేకు పలక నుంచి నాలుగు మిల్లీమీటర్ల రేకులు తీసేటప్పుడు, 1.2 మిల్లీమీటర్ల కోత మందమున్న బ్యాండ్ సాతో తొమ్మిది వస్తే, 3.2 మిల్లీమీటర్లు తినే గుండ్రటి రంపంతో ఏడే వస్తాయి. చిత్రిక పట్టడానికి పోయేది దీనిలో కలపలేదు. ఖరీదైన కలప ఎక్కువగా చీల్చేవారికి యంత్రం ఖర్చు ఈ దారిలో తిరిగొస్తుంది. ఏడాదికి ఒకటో రెండో మొద్దులు చీల్చేవారికి ఊళ్ళోని సామిల్లులో ఘనపుటడుగుల (సి.ఎఫ్.టి.) లెక్కన కోయించుకోవడమే లాభం. అలాంటివారు చిన్న యంత్రంతో వంపు పనికి పరిమితం కావచ్చు.

పాత యంత్రానికి ధర కట్టేటప్పుడు లోపాలను రెండుగా విడదీయాలి. బేరింగు, టైరు, బెల్టు, బ్లేడు, స్విచ్చు మార్చుకోదగినవి, ధర తగ్గించుకోవడానికి ఆధారాలు. పగిలిన చట్రం, వంగిన ఇరుసు, సమతూకానికి రాని చక్రం మార్చరానివి. అవి ఉంటే ఎంత చవకైనా కొనదగినది కాదు.

చట్టపరమైన విషయాలు

(చూ. ఎర్రచందనం, అటవీ చట్టాలు)

విద్యుత్తుతో కలప కోసే స్థలాలపై అటవీ శాఖ నియంత్రణ ఉంది. అడవుల రక్షణకు సంబంధించిన గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు 2002 అక్టోబరు 30న ఇచ్చిన ఆదేశంతో కొత్త సామిల్లుల అనుమతులు కఠినమయ్యాయి, తర్వాత 2016లో కేంద్రం కలప ఆధారిత పరిశ్రమలకు మార్గదర్శకాలు జారీచేసింది. ఇంటి యంత్రం వీటి పరిధిలోకి వస్తుందో లేదో పరిమాణం, వాడకం బట్టి ఉంటుంది కనుక కొనేముందు స్థానిక అటవీ రేంజి కార్యాలయంలో అడిగి రాతపూర్వకంగా తెలుసుకోవడం మేలు. జిల్లా పడమటి వెలిగొండల ఎర్రచందనాన్ని అనుమతి లేకుండా కొనడం, కోయడం నేరం. కొన్న ఇతర కలపకు కూడా రసీదులు దాచుకోవాలి.

భద్రత

పై గైడు కలపకు ఆరు మిల్లీమీటర్లకు మించి ఎత్తున ఉండకూడదు. గుండ్రటి కర్రను V ఆకారపు దిమ్మెలో పెట్టకుండా కోస్తే అది ఒక్కసారిగా తిరిగి చేతిని లాగుతుంది. సరుగుడు కర్రలు కోసేవారికి ఈ ప్రమాదం ఎక్కువ. పాత పడవ కలపలో మేకులుంటాయి కనుక అయస్కాంతంతో వెదకాలి. చేతి తొడుగులు, వేలాడే పైపంచె, లుంగీ కొస వద్దు. బ్లేడు తెగి పెద్ద చప్పుడొస్తే స్విచ్చు ఆపి, చక్రాలు పూర్తిగా నిలిచాకే తలుపు తీయాలి. కలప దుమ్మును అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో మనుషులకు క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది. కాబట్టి దుమ్ము లాగే ఏర్పాటు, ముక్కుకు సరైన మాస్కు యంత్రంతో పాటే కొనాలి. పిల్లలున్న ఇంట్లో తాళం వేసే స్విచ్చు ఉన్న యంత్రాన్నే ఎంచుకోవాలి, లేనిచోట విడిగా బిగించుకోవాలి.